పంటికి తగిలేంత

వరద నీళ్ళు ఆసుపత్రి వంటింటి గడప దాటి వచ్చి పొయ్యిలన్నీ ముంచేసిన ఏడాది ఒకటుంది కదా, దాని తర్వాతి ఏడు జరిగింది ఇది. ఆ ఊళ్ళో ఇప్పటికీ ఏ లెక్కయినా ఆ వరద నుంచే. పెళ్ళిళ్ళూ పురుళ్ళూ ఉద్యోగాలూ అన్నీ వరదకి ముందువో, వరద తర్వాతవో. ఆసుపత్రి వంటాయన లెక్కా అంతే. అతని అక్క పోయింది కూడా వరద ఏడాదే, అయితే వరదకీ ఆమె పోవడానికీ సంబంధం లేదు. నీళ్ళు తీసేసి, బురద కడిగి, గోడలకి సున్నం కొట్టుకున్న తర్వాత, ఎండ బాగా కాసిన ఒక రోజున నిద్రలోనే వెళ్ళిపోయింది. అయినా ఎవరైనా అడిగితే వరదలో పోయిందనే చెప్పేవాడు వంటాయన. ఆ ఒక్క మాటతో అయిపోతుంది, వాళ్ళు ఇంకో మాట అడగరు, తను ఇంకో మాట చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆదివారం, పొద్దు వాలుతోంది. ఇటలీలో వంటపనికి వెళ్ళేవాళ్ళకి తర్ఫీదు ఇచ్చే ఇంట్లో, కింది వంటింట్లో, వంటాయన ఒక్కడే ఎత్తు స్టూలు మీద కూర్చుని నీళ్ళు మరగడం కోసం చూస్తున్నాడు. తక్కినవాళ్ళంతా పొద్దున్నే ఇళ్ళకి పోయారు, పిల్లల్ని ఒకసారి చూసుకోవాలని ఒకడు, అత్తగారితో మిగిలిపోయిన పోట్లాట పూర్తి చేసుకోవాలని ఇంకొకడు. "నువ్వెళ్ళవా బాబాయ్?" అన్నాడు అతని గదిలోనే ఉండి వంట నేర్చుకుంటున్న బస్సు డ్రైవరు. అతన్ని అందరూ హారన్ అంటారు, నెమ్మదిగా మాట్లాడానని అతననుకున్నా వీధి చివరికి వినిపిస్తుంది. ప్రాక్టీసు చేసుకుంటానన్నాడు వంటాయన. "చేసుకో చేసుకో, రేపు పరీక్షలో కూడా గంజి కాచావంటే రుచి చూడ్డానికొచ్చే ఆ ఇటలీ ఆయన గ్లాసులో పోయించుకుని తాగి పోతాడు" అని నవ్వుతూ సంచీ భుజాన వేసుకుని హారన్ పోయాడు, గేటు దాటాక కూడా ఆ నవ్వు వినిపించింది. నేర్పే మేడమ్ మాత్రం తాళంచెవి చేతిలో పెట్టి, "గ్యాసు కట్టడం మర్చిపోకండి పెద్దాయనా, రేపు భయపడకండి" అంది. భయం అనే మాట తను ఎవరితోనూ అనలేదు. ఆవిడకి ఎలా తెలిసిందో.

నీళ్ళ అడుగున చిన్న చిన్న బుడగలు పట్టాయి, చంటిపిల్లకి చెమట పట్టినట్టు. ఇంకా టైముంది. మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి పెద్దనర్సమ్మ ఫోను చేసింది, ఆవిడ మాట ఇంకా చెవిలోనే ఉంది. "ఏమయ్యా, వస్తున్నట్టా మానేసినట్టా? నీ చోట్లో ఎన్నాళ్ళని మనిషిని పెట్టకుండా ఉంటాను? రేపు పొద్దున నేను డ్యూటీ దిగేలోపల చెప్పు. లేదంటే కొత్తవాణ్ణి రమ్మంటాను." పరీక్ష అయ్యాక చెబుతానమ్మా అన్నాడు. "నీ పరీక్ష అయ్యేసరికి ఎంతవుతుంది?" మధ్యాహ్నం అవుతుందమ్మా. "నాకు పొద్దున్నే కావాలి" అంది, ఆ వెంటనే "నీ గరిటె కొక్కానికి అలాగే ఉంది, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు" అంది. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది ఆవిడ. తిట్టి పెట్టేస్తే పని తేలికయ్యేది. రేపు ఇటలీ నుంచి వచ్చే ఆయన నోట్లో పెట్టుకుని బాగాలేదంటే అక్కడికి పోయేది లేదు, అప్పటికి ఆసుపత్రిలో కొత్తవాడు వచ్చి కూర్చుంటాడు. ఇప్పుడే ఫోను తీసి వస్తానమ్మా అంటే ఏ గొడవా లేదు, పెట్టె సర్దుకుని పొద్దుటి బస్సుకి పోవచ్చు, ఆ వంటింట్లో ఏ మూత ఏ గిన్నెదో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఫోను పక్కనే ఉంది, వెల్లుల్లి పొట్టు పక్కన.

గంజి అని హారన్ అన్నదాంట్లో అబద్ధమేం లేదు. వచ్చిన దగ్గర్నుంచీ ఏం ఉడకబెట్టినా అంతే, అందరి స్పగెట్టీ, ఆ ఇటలీ సేమ్యా, పళ్ళెంలో దారాల్లా జారుతూ నిలబడితే తనది ముద్దగా కూలబడుతుంది. మేడమ్ కోప్పడదు. చెంచాతో అటూ ఇటూ కదిపి, "పంటికి తగలాలి పెద్దాయనా, మధ్యలో సూదిమొనంత తెల్లచుక్క మిగలాలి, అప్పుడే దించేయాలి" అంటుంది. వింటాడు, తలూపుతాడు, అర్థం కాకపోవడమేం లేదు. పొయ్యి దగ్గరకి వచ్చేసరికి చెయ్యి మాట వినదు. ఒక పోగు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలుపుతాడు, నలగకపోతే ఇంకా కాలేదని లెక్క, నలిగి వేలికి అంటుకుంటే అయిందని లెక్క. అంటుకునేసరికి ఎప్పుడో మించిపోయి ఉంటుంది. "వేలు కాదు బాబాయ్, పన్ను! దేవుడు పళ్ళు నవ్వడానికిచ్చాడా?" అని హారన్ పక్క పొయ్యి దగ్గర్నుంచి అరుస్తాడు, అందరూ నవ్వుతారు, తనూ నవ్వుతాడు.

వేలు అబద్ధం చెప్పదని వంటాయన ఇన్నేళ్ళూ నమ్మాడు. ఆసుపత్రి వంటింట్లో నాలిక్కి పనేం లేదు. ఉప్పు లేనిది, కారం లేనిది, తీపి లేనిది, రుచి చూసి ఏం తేల్చుకోవాలి. మెత్తదనం ఒక్కటే చూసుకోవాలి. ఆపరేషను అయినవాళ్ళూ, పళ్ళు ఊడినవాళ్ళూ, గొట్టం తీసి రెండ్రోజులైనవాళ్ళూ, వాళ్ళ గొంతులో దిగాలి. పనిలో చేరిన కొత్తల్లో ఒకసారి బంగాళదుంప ముక్క ఒకటి సరిగా ఉడక్క ఒక ముసలాయన గొంతుకి అడ్డం పడింది. బతికాడు, ఏమీ కాలేదు, ఆ సాయంత్రమే కూర్చుని మనవరాలితో పేకాడాడు కూడా. కానీ ఆయన మొహం నీలంగా తిరగడం వార్డు గుమ్మంలోంచి కళ్ళారా చూశాడు వంటాయన. ఆ రోజు నుంచీ ఏదైనా సరే వేళ్ళ మధ్య వెన్నలా నలిగేదాకా పొయ్యి దగ్గర్నుంచి కదిలింది లేదు. మరి ఎవరూ పొలమారింది కూడా లేదు. ఎవరూ బాగుందన్నదీ లేదు. ట్రాలీ నిండా పళ్ళేలు వెళ్ళేవి, సగం సగం తిన్న పళ్ళేలు తిరిగొచ్చేవి, కడిగి బోర్లించేవాడు. తినే మొహాలు తనకి కనపడేవి కావు, చేసే మొహం వాళ్ళకి కనపడేది కాదు. దానికేం బాధపడలేదు, అలా అలవాటైపోయింది అంతే.

అలవాటే అయితే మరి ఇక్కడికెందుకొచ్చినట్టు. ఆసుపత్రికి కూరగాయలు వేసే అతని వల్ల వచ్చాడు. అతని కూతురూ అల్లుడూ ఇటలీలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీనులో పనికి కుదిరారు, సొరకాయలు తూకం వేస్తూ ఆ కబుర్లన్నీ చెప్పి, వంటవాళ్ళు ఇంకా కావాలంట, నువ్వు పోరాదూ అన్నాడు. నాకెందుకులే అన్నాడు వంటాయన. "ఎందుకేంటి, ఇక్కడ నీకెవరున్నారు?" అన్నాడతను. చెడ్డగా అనలేదు, సొరకాయ బాగుందన్నట్టే అన్నాడు, అని తక్కెడ దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆ పూట జావ కలుపుతుంటే ఆ మాటే తిరిగింది గరిటెతో పాటు. నీకెవరున్నారు. ఇంటికి పోతే అక్క మంచం, మంచం మీద పరుపు చుట్టి పెట్టి ఉంది, పక్కన ఆమె కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఇంట్లో పైపు కట్టినా నీటిచుక్క పడే చప్పుడు వినపడుతుంది. మూడోనాడు తనే కూరగాయలతన్ని అడిగాడు, ఎవర్ని కలవాలి అని. ఇక అక్కణ్ణుంచి అన్నీ వాటంతటవే జరిగాయి, ఫొటోలు దిగడం, రక్తం ఇవ్వడం, పళ్ళు పరీక్ష చేసిన డాక్టరు నోట్లోకి లైటు వేసి చూసి "ఈ వయసుకి ఇన్ని పళ్ళా, వాడకుండా దాచుకున్నారా ఏంటి?" అని ఎగతాళి చేయడం. జన్మలో మొదటిసారి స్వెట్టరు కొనుక్కున్నాడు. కొన్న రోజు గదిలో వేసుకుని చూసుకున్నాడు, ఎండాకాలం, చెమటలు కారిపోయాయి. ఎలా ఉందని అడగడానికి తల తిప్పితే గోడ ఉంది. ఆ గోడకే మాటలు కూడా అప్పజెప్పుకున్నాడు, ఆక్వా అంటే నీళ్ళు, సాలే అంటే ఉప్పు, పానే అంటే రొట్టె, కాల్దో అంటే వేడి, వెనక ఎవరైనా ఉన్నప్పుడు వేడి గిన్నె మోసుకెళ్తుంటే కాల్దో అని అరవాలి. వెనక ఎవరూ లేకుండా ఆ మాట అరిచి చూశాడు ఒకసారి.

నీళ్ళు కదులుతున్నాయి. లేచి గుప్పెడు ఉప్పు వేశాడు. ఈ గుప్పెడు ఉప్పు అక్కడ వార్డుకి వారం సరిపోతుంది. స్పగెట్టీ వదిలాడు. మొదట కట్టెల్లా బయటికి పొడుచుకుని నిలబడింది, తర్వాత నడుము వంగి మెల్లగా నీళ్ళలోకి జారింది. ఒక్కడికి సరిపడా. ఒక్కడికి సరిపడా అంటే ఎంతో కూడా తెలియలేదు, తను ఎప్పుడు వండినా వార్డుకి వండాడు, లేకపోతే అక్కకి వండి అందులోదే ఇంత తిన్నాడు. రెండుసార్లు తీసి, ఒకసారి వెనక్కి పెట్టి, చివరికి ఎక్కువే వేశాడు.

వచ్చిన మొదటి రోజు మేడమ్ చేసి పెట్టింది అందరికీ. ఏమీ లేదు అందులో, వెల్లుల్లి పలచగా తరిగి నూనెలో వేయించి, ఎండుమిర్చి తుంచి వేసి, స్పగెట్టీ దాంట్లోకి లాగి, కాస్త ఆ ఉడికిన నీళ్ళే పోసి గిరగిరా తిప్పింది. ఇదేనా అన్నట్టు చూశారు అందరూ. వంటాయన ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు, అలవాటుగా మింగబోయాడు, మింగుడు పడలేదు, నమలాల్సి వచ్చింది. పంటికి తగిలింది. తగిలి, కొంచెం ఎదురు తిరిగి, తర్వాత లొంగింది, లొంగినప్పుడు లోపలి నుంచి గోధుమ వాసన వచ్చింది, వెల్లుల్లి ఘాటు, వెనకాల ఎక్కడో మిరప మంట. నోరంతా లేచి కూర్చున్నట్టయింది. ఇంకో ముద్ద. ఇంకోటి. తల ఎత్తకుండా తిన్నాడు. ఇంకొంచెం పెట్టమంటారా అని మేడమ్ అడిగితే, ఇన్నేళ్ళలో ఎవరినీ ఏమీ అడగని మనిషి, పళ్ళెం ముందుకి చాపాడు. హారన్ కూడా ఒక్క క్షణం నోరు మూసుకుని చూశాడట. ఆ తర్వాత రోజూ ఏదో ఒకటి. టమాటా ముద్దలో తులసి లాంటి ఆకు వేసి చేసింది ఒకరోజు, గట్టి జున్ను లాంటిది తురిమి పైన చల్లింది ఇంకోరోజు. రొట్టె కాల్చి, వేడి మీద వెల్లుల్లి రెబ్బతో రుద్ది, పైన టమాటా పిండి, నూనె చుక్కలు వేస్తే అది కరకరమంటూనే ఉంటుంది. తిన్న ప్రతిసారీ నోటికి పండగ, పడుకున్న ప్రతిసారీ అక్క గుర్తొచ్చేది. ఆమెకి ఇన్నాళ్ళూ ఏం పెట్టాను. నేనేం తింటున్నాను.

అక్కకి పక్షవాతం వచ్చి మూతి ఒక పక్కకి జారిపోయింది. మింగడం కష్టం, ఆసుపత్రి వాళ్ళ జావే ఇంట్లో కూడా. బట్టలు కుట్టేది ఆమె, కత్తెర కంటే నోరే పదును, ఆ నోరే దెబ్బతింది. మాటలు ముద్దముద్దగా వచ్చేవి, వంటాయనకి తప్ప ఇంకెవరికీ అర్థమయ్యేవి కావు. అయినా ఊరుకునేది కాదు. "ఒరేయ్ తమ్ముడూ, నీ చేతి వంట తింటే ఏం తిన్నానో తెలీదు, తిన్నానని మాత్రం తెలుస్తుంది" అనేది. గోడలకి పూయడానికి ఇంకాస్త మిగిల్చావా అనేది. కరకరలాడేది ఏదైనా పెట్టరా అని వారం రోజులు ప్రాణం తీస్తే, డాక్టర్ని అడిగాడు, డాక్టరు వద్దంటే వద్దన్నాడు, సరే అని అప్పడం వేయించి, దాన్నే పొడి చేసి, పాలలో నానబెట్టి చెంచాతో పెట్టాడు. నవ్వింది. నవ్వితే పాలు గడ్డం మీదికి కారాయి. "కరకరలాడేదాన్ని కూడా ముద్ద చేశావు కదరా, నువ్వు అసాధ్యుడివి." తుడిచాడు. అందులో తన తప్పేం లేదు, డాక్టరు చెప్పినట్టే చేశాడు, ఆమె గొంతుకి ఒక్కరోజు ఏదీ అడ్డం పడలేదు.

అది కాదు. ఇంకేదో ఉంది, దాన్ని దాటేసి వస్తున్నాడు ఇన్నాళ్ళూ. ఒకరోజు జావ తాగిస్తుంటే అడిగింది, నువ్వేం తింటున్నావురా అని. నీకు చేసిందే అన్నాడు. "నీకేం రోగం? గుర్రం పళ్ళున్నాయి కదా నోటి నిండా." నీ ఎదురుగా నేనెలా తింటాను అక్కా అన్నాడు. ఆమె కిటికీ వైపు చూసింది, తర్వాత అంది, "ఏదైనా గట్టిది తెచ్చుకుని, ఇక్కడ, నా పక్కన కూచుని నములు. నేను వింటాను." ఊరుకో అక్కా అన్నాడు. దెప్పుతోందనుకున్నాడు, ఆమె తీరే అంత కదా, ఏది దెప్పో ఏది మాటో తెలిసేది కాదు. గిన్నె తీసుకుని లేచి వెళ్ళి కడుక్కున్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. ఏదైనా రెండోసారి అడిగే మనిషి కాదు.

నురగ పొంగి గిన్నె అంచుదాకా వచ్చింది. మంట తగ్గించాడు. చెంచాతో ఒక పోగు ఎత్తాడు, ఎత్తగానే రెండు వేళ్ళూ ముందుకొచ్చాయి, నలపడానికి. ఆగాడు. వేళ్ళు గాలిలో అలాగే ఉన్నాయి. ఎవరికి వండుతున్నాను ఇప్పుడు, అనుకున్నాడు. ఈ వంటింట్లో ఎవరి గొంతుకి అడ్డం పడుతుంది. ఎదురుగా ఏ మంచమూ లేదు, ట్రాలీ లేదు, పై గదులన్నీ ఖాళీ, ఈ ఇల్లు మొత్తం మీద తినేవాడు ఒక్కడే, వాడి నోట్లో పళ్ళన్నీ ఉన్నాయని డాక్టరే చెప్పాడు. ఊదుకుని నోట్లో వేసుకున్నాడు. గట్టిగా ఉంది, పచ్చిపిండి తగిలింది. కాసేపాగి ఇంకోటి. ఇంకా. కాసేపాగి ఇంకోటి, ఈసారి కొరికి, కొరికిన చోట దీపం వెలుగుకి పెట్టి చూశాడు, మధ్యలో తెల్లచుక్క, సూదిమొనంత. నోట్లో ఉన్నది ఎదురు తిరిగి లొంగింది. ఇంకొక్క నిమిషం ఉంచుదామా అంది చెయ్యి. భద్రంగా ఉంటుంది కదా అంది. వద్దు, నాకిలాగే ఇష్టం, అని పైకే అన్నాడు. ఎన్నేళ్ళయిందో ఆ మాట అని. అని దించేశాడు.

వెల్లుల్లి వేయించిన నూనెలోకి లాగి తిప్పి, బల్ల దగ్గర కూర్చుని తిన్నాడు. బయట చీకటి పడలేదు ఇంకా, ఎదురింటి మేడ మీద ఎవరో ఆరేసిన బట్టలు తీస్తున్నారు, ఒక్కొక్కటీ దులిపి మడత పెట్టి భుజాన వేసుకుంటున్నారు. బాగుంది. నిజంగా బాగుంది, నూనె ఒక చుక్క ఎక్కువైంది అంతే. ఈ మాట చెప్పడానికి ఎవరూ లేరు. ఇటలీలో కూడా ఉండరు, అక్కడ స్వెట్టరు వేసుకుని ఇలాగే ఏదో ఒక కిటికీ దగ్గర కూర్చుంటాడు, ఎదురింటి మేడ మీద వేరే మనుషులు వేరే బట్టలు తీసుకుంటూ ఉంటారు. ఆసుపత్రికి పోతే మాత్రం ఎవరున్నారు, కొక్కానికి గరిటె ఉంది. మూకుడులో మిగిలిన నూనె పారేయడానికి మనసొప్పక, నిన్నటి రొట్టె చివర ఒకటి ఉంటే సన్నటి మంట మీద కాల్చి, నూనెలో తుడిచి కొరికాడు.

కరకరమంది. ఖాళీ వంటింట్లో ఆ చప్పుడు అంత పెద్దగా వస్తుందని అనుకోలేదు, గోడలకి కొట్టుకుని మళ్ళీ తన దగ్గరికే వచ్చింది. ఎవరో తింటున్నట్టుంది. పక్కన కూర్చుని, ఎవరో, ఇష్టంగా. నమలడం ఆపాడు. చప్పుడు ఆగింది, ఇల్లు మళ్ళీ ఖాళీ అయింది. మెల్లగా మళ్ళీ నమిలాడు. దెప్పు కాదు అది. మంచం మీద పడుకుని రోజంతా ఆమె విన్నది ఈ ఖాళీనే, తను ఆసుపత్రిలో ఉన్నంతసేపూ ఖాళీ, వచ్చాక కూడా గిన్నె అడుగుని చెంచా గీరిన చప్పుడు, మూతి తుడిచిన గుడ్డ చప్పుడు. ఇంట్లో ఒకళ్ళయినా ఇష్టంగా తింటుంటే వినాలనుకుంది, అంతే. తనే, ఎదురుగా తినడం పాపమని, ఆ ఇంట్లోకి ఆ ఒక్క చప్పుడునీ రానివ్వకుండా కాపలా కాశాడు. రొట్టె చివరి ముక్క గట్టిగా ఉంది, దవడ నొప్పి పుట్టేదాకా నమిలాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు, రెండు చేతులకీ నూనె ఉంది. పళ్ళెం కడిగాడు, పొయ్యి తుడిచాడు, గ్యాసు కట్టాడు, కట్టానా లేదా అని మళ్ళీ చూశాడు. ఫోను బల్ల మీద అలాగే ఉంది. దాన్ని జేబులో వేసుకుని పైకెళ్ళి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే, పెద్దనర్సమ్మ డ్యూటీ దిగకముందే, మెట్ల మీద కూర్చుని ఫోను చేశాడు.

"చెప్పవయ్యా, బయల్దేరావా?"

"వేరే మనిషిని చూసుకోండమ్మా."

"అయితే పాసయ్యావన్నమాట!"

"పరీక్ష ఇంకా అవలేదమ్మా."

"అవకుండానే ఉన్న చోటు వదులుకుంటావా? మతి ఉండే మాట్లాడుతున్నావా? తీరా తప్పిందనుకో, ఇక్కడా ఉండవు, అక్కడా ఉండవు, ఏం చేస్తావు?"

"వచ్చేవాడికి చెప్పండి, ఏదైనా వేలితో నలిపి చూసుకోమనండి. మూల మంచం ముసలావిడకి ఇంకాస్త మెత్తగా ఉండాలి" అన్నాడు. అవతల ఆవిడ తిట్టాలో దీవించాలో తెలియని గొంతుతో, నీ ఇష్టమయ్యా, నీ మంచికే చెప్పాను, అక్కడ ఒక్కడివీ ఎలా ఉంటావో ఏంటో అంటూ ఇంకేదో అంటూనే ఉంది.

"ఆకలేస్తోందమ్మా, ఉంటాను" అని ఫోను పెట్టేసి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, వంటింట్లోకి దిగాడు.